దమ్ నిలిపే బాయిలర్ కోసం పాతబస్తీకి

రాజమండ్రిలో రాత్రి ఎక్కిన బస్సు ఇమ్లీబన్‌లో దింపేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. బోర్డు మీద మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ అని ఉంటుంది గానీ, ఆటోవాళ్ల దగ్గర ఇమ్లీబన్ అంటేనే పని త్వరగా అవుతుంది. మీరు వెళ్లినప్పుడు గుర్తుపెట్టుకోండి. ఈ బస్‌స్టేషన్‌ని మూసీ నడుమ లంక మీద కట్టారు. లంక అనగానే మా వైపు వాళ్లకి అరటితోటలూ, పాదులూ, పడవరేవూ గుర్తొస్తాయి. ఇక్కడ లంకంతా బస్సులే. వంతెన మీద నించుని చూస్తే నదిలో నీళ్లకంటే గడ్డే ఎక్కువ కనిపించింది. 1908 సెప్టెంబరులో ఈ మూసీయే ఊరిని ముంచెత్తిందట. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్న ఆవరణలో చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు, ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని, వరదంటే ఏమిటో నాకు తెలుసు. అయినా ఆ సన్నటి పాయని చూస్తూ ఆ సంగతి నమ్మడానికి కాసేపు పట్టింది.

నేను వచ్చింది టీ బాయిలర్ కోసం. మా మేడ మీద ఆదివారం సాయంత్రాలు పుస్తకాల గురించి మాట్లాడుకునేవాళ్లం కొందరం కూడతాం. ముప్పై మంది దాకా వస్తారు. మాటల్లో పడితే మూడు గంటలు తెలియకుండా గడిచిపోతాయి. గ్యాస్ పొయ్యి మీద కాచిన టీ మొదటి విడతకి బ్రహ్మాండంగా ఉంటుంది. ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం మళ్లీ మరిగిస్తే చేదెక్కుతుంది, ఫ్లాస్కులో పోసి ఉంచితే ఏదో వాసనొస్తుంది. కరెంటు బాయిలర్ ఒకటి కొందామని ఫోన్లో వెతికితే అన్నీ ఒకేలా మెరిసే స్టీలు డబ్బాలు, వాటి కింద లీటర్లూ వాట్లూ. అప్పుడే మలక్‌పేటలో ఉండే మా ఆడపడుచు ఫోన్ చేసింది. "పొద్దున ఐదింటికీ రాత్రి పదకొండింటికీ ఒకే రుచిలో చాయ్ పోసేవాళ్లు ఇక్కడ ఉన్నారు వదినా. వాళ్ల గిన్నెలు చూసి, ఆ తర్వాత కొనుక్కో" అంది. ఆ మాటకే బస్సెక్కేశాను.

ఆడపడుచు బస్‌స్టేషన్‌కి వచ్చి కలిసింది. ఇద్దరం నడుచుకుంటూ సాలార్‌జంగ్ మ్యూజియం పక్క నుంచి మదీనా కూడలి చేరి, పత్తర్‌గట్టీలోకి తిరిగాం. రోడ్డుకి రెండు వైపులా రాతి కమాన్లు బారులు తీరి ఉన్నాయి. వాటి కింద దుకాణాలకి ఇంకా షట్టర్లు ఎత్తలేదు. మూసీ వరద తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఈ బజారుని ఇలా రాతితో కట్టించింది. మా మెయిన్‌రోడ్డులో వానొస్తే ఒక్కో కొట్టువాడూ ఒక్కో రంగు పట్టా లాక్కుంటాడు. ఇక్కడ అందరికీ కలిపి ఒకటే నీడ, అదీ వందేళ్ల నాటిది. మీరు వెళ్తే పొద్దున్నే వెళ్లండి. పదకొండు దాటితే ఆ కమాన్లు చూడటానికి తల ఎత్తే సందు కూడా దొరకదు.

ముందు కడుపు సంగతి చూడాలని ఆడపడుచు పురానీ హవేలీ వైపు తీసుకెళ్లింది. అక్కడ 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణానికి వెళ్లాం. పిండిని చపాతీలా గుండ్రంగా చేయరు, నాలుగు మూలలూ లాగి పలకలా చేస్తారు. అందుకే దాన్ని చార్‌కోనీ నాన్ అంటారు. మట్టి తందూరు లోపలి గోడకి చేత్తో కొట్టి అంటిస్తారు, కాలగానే ఇనప చువ్వలతో ఊడదీస్తారు. చేతిలో పెట్టించుకుంటే పట్టుకోలేనంత వేడి. కాగితంలో చుట్టించుకుని, దగ్గర్లోని చిన్న హోటల్లో నిహారీతో తిన్నాం. పొద్దున్నే పెసరట్టు ఉప్మా తినే ఇంటినుంచి వచ్చినదాన్ని కదా, ఆ వేళకి మాంసం పులుసు ఎలా దిగుతుందోనని కొంచెం భయపడ్డాను. రెండో ముద్దకి ఆ భయం పోయింది. అంత పలచటి పులుసులో అంత రుచి ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగితే, హోటలాయన వెనక్కి పిలిచి గిన్నె చూపించాడు. రాత్రంతా పొయ్యి మీదే ఉన్న గిన్నె అది. కింద మంట ఉందా లేదా అన్నట్టుంది. పులుసు ఉడకడం లేదు, ఎప్పుడో ఒక బుడగ పైకొచ్చి పగులుతోంది. "దమ్ పే హై" అన్నాడు. నాకు ఉర్దూ రాకపోయినా, సన్నసెగ మీద మగ్గుతోందని అర్థమైంది.

ఆ మాట ఆ రోజంతా ఎక్కడికి వెళ్లినా వినపడుతూనే ఉంది.

చార్మినార్ దగ్గరికి వచ్చేసరికి ఎండ మినార్ల పైభాగాన్ని తాకుతోంది. 1591 నాటి కట్టడం. ఫొటోల్లో చూసి చూసి తెలుసనుకుంటాం గానీ, కింద నించుని పైకి చూసినప్పుడు గచ్చుతో చేసిన ఆ పువ్వులూ లతలూ ఎంత సున్నితంగా ఉన్నాయో తెలుస్తుంది. దానికీ మక్కా మసీదుకీ మధ్య నిమ్రా కేఫ్ ఉంది. కూర్చోవడానికి పెద్దగా చోటుండదు, నించునే తాగాలి. టోకెన్ తీసుకుని కౌంటరు దగ్గర చేరితే పని చేసేవాళ్ల చేతులు దగ్గరగా కనిపిస్తాయి. నేను వచ్చింది అందుకే కాబట్టి కప్పు పక్కన పెట్టి చూస్తూ నించున్నాను.

మనం ఇంట్లో పాలూ నీళ్లూ పొడీ పంచదారా అల్లం ముక్కా అన్నీ ఒకే గిన్నెలో వేసి పొంగిస్తాం. ఇరానీ చాయ్‌లో డికాక్షనూ పాలూ చివరిదాకా కలవవు. ఒక గిన్నెలో పొడి, నీళ్లు సన్నసెగ మీద ఉంటాయి. మూతకి గుడ్డ కట్టిగానీ, మైదాపిండి ముద్ద అంచు చుట్టూ అంటించిగానీ ఆవిరి పోకుండా మూస్తారు. ఇంకో గిన్నెలో పాలు చిక్కబడేదాకా మరుగుతాయి, కొందరు కోవా కూడా కలుపుతారు. కప్పులో ముందు డికాక్షను, పైన పాలు. కలిసేది మన కళ్ల ముందే. గరిటెతో పాలు కాస్త ఎత్తు నుంచి పోస్తుంటే కప్పులో రంగు నల్లటి ఎరుపు నుంచి ఇటుక రంగుకి, అక్కణ్నుంచి లేత గోధుమ రంగుకి తిరిగింది. తాగితే ముందు తీపి, తర్వాత వగరు, ఆఖర్న పాల కమ్మదనం. పక్కన ఉస్మానియా బిస్కట్టు, కొంచెం ఉప్పగా, కొంచెం తియ్యగా, నోట్లో పెట్టుకుంటే పొడైపోయేది. తూకానికి కూడా అమ్ముతారు. ఇంటికి ఒక కిలో కట్టించాను.

ఈ చాయ్ ఇరాన్ నుంచి ముందు బొంబాయి, పూనాలకీ, అక్కణ్నుంచి హైదరాబాద్‌కీ వచ్చి కేఫులు పెట్టుకున్నవాళ్లతో వచ్చింది. వాళ్ల ఊళ్లో సమోవార్లలో పాలు లేని టీ కాస్తారు. పాలు, ఇంత పంచదార ఇక్కడ వచ్చి చేరాయి. గోదావరి జిల్లాలో పుట్టిన నాకు అది అర్థం చేసుకోవడం కష్టం కాలేదు. పాలు లేని టీ మా వైపు జ్వరమొచ్చినవాళ్లకి ఇస్తారు.

కౌంటరు వెనకాయన్ని ఆడపడుచు చేత అడిగించాను, ఇంత రద్దీలో టీ చేదెక్కకుండా ఎలా ఉంచుతారని. ఆయన చేతిలో పని ఆపకుండానే చెప్పాడు: "ఉబాల్నా నహీ, రఖ్‌నా." మరిగించకూడదు, అలా ఉంచాలి. నేను బాయిలర్ కొనడానికి వచ్చాను, ఈయన మరిగించొద్దంటున్నాడు!

గిన్నెల కోసం కసరట్టాకి వెళ్లాలి. చార్‌కమాన్ దగ్గర దారి తప్పడం ఎంత తేలికో మీకూ తెలుస్తుంది. గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ మధ్యలో ఉంది, దానికి నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు. చూడటానికి అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి. ఉత్తరాన మచ్లీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, తూర్పున కాలీ కమాన్, పడమరన షేర్-ఎ-బాతిల్ కమాన్. ఫౌంటెన్ చుట్టూ ఒక చుట్టు తిరిగితే ఏది ఏదో తెలియదు. ముత్యాల కొట్ల ముందు నుంచి కబుర్లు చెప్పుకుంటూ నడిచి, ఏదో ఒక కమాన్ కింద నుంచి వెళ్లి చూస్తే చుట్టూ కూరగాయల బుట్టలు, పుదీనా కట్టలు, కొత్తిమీర గుట్టలు. మీర్ ఆలం మండీకి వచ్చేశాం, అంటే పూర్తిగా తూర్పుకి. ఆ మండీ చూడటం మాత్రం నాకు చాలా నచ్చింది. మా దేవీచౌక్ మార్కెట్లో గోంగూరకి ఎంత పేరుందో అక్కడ పుదీనాకి అంత. ఒకామె కట్ట పట్టి ముక్కు దగ్గర పెట్టి, "చూడు బిడ్డా, ఇప్పుడే వచ్చింది" అంది. కొనక తప్పలేదు. పుదీనా కట్టతోనే వెనక్కి తిరిగి, ఈసారి ఎండ వీపుకి తగిలేలా చూసుకుని పడమటి కమాన్ దాటాం. ఇదే నేను నేర్చుకున్న కొండగుర్తు: పొద్దుటిపూట కసరట్టాకి వెళ్లాలంటే సూర్యుణ్ని వీపున పెట్టుకోండి.

మిట్టీ కా షేర్ వైపు వెళ్తుంటే రోడ్డు కన్నా ముందు చప్పుడు వినిపించింది. సుత్తి దెబ్బలు. కసరట్టాలో రాగి, ఇత్తడి సామాను అమ్మే కొట్లు పక్కపక్కన ఉన్నాయి. మా వైపు ఇత్తడి అంటే తణుకు దగ్గరి అజ్జరమే. అక్కడ గంటలు, దీపపు కుందెలు, బిందెలు, గంగాళాలు చేస్తారు. ఇక్కడ ఎక్కువగా వంటగిన్నెలే. పెళ్లిళ్ల బిర్యానీకి మనిషి కూర్చోగలిగేంత డేగ్‌లు, హలీమ్ గిన్నెలు, పక్కనే దాన్ని మెదిపే పొడుగాటి కట్టె రోకళ్లు. హైదరాబాదీ హలీమ్‌కి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది కూడా భట్టీ మీద సన్నసెగలో గంటల తరబడి ఉడికే వంటే. ఈ వీధిలో అమ్మే గిన్నెలన్నీ దాదాపు ఒకే పని కోసం పుట్టాయి, వేడిని ఎక్కువసేపు ఒకే తీరున పట్టుకోవడం కోసం.

ఒక కొట్లో పెద్దాయన మమ్మల్ని చూసి స్టూళ్లు జరిపాడు. "ఏం గావాలమ్మా?" అన్నాడు. ఇంటికి ఇరానీ చాయ్ కాచే సామాను అన్నాను. బాయిలర్ ధర చెబుతాడేమోనని చూస్తుంటే ఆయన రెండే ప్రశ్నలు అడిగాడు. ఎంత మందికి? ఎంతసేపు ఉండాలె? ముప్పై మందికి, మూడు గంటలు అన్నాను. ఆయన లేచి, ఐదారు లీటర్లు పట్టే రాగి గిన్నె ఒకటి తీసి నా ఒళ్లో పెట్టాడు. అడుగు బరువు, మూతి కొంచెం ఇరుకు, పైన సరిగ్గా కూర్చునే మూత. రాగిలో వేడి స్టీలులో కంటే పాతిక రెట్లు ఎక్కువగా పారుతుంది. అందుకే మంట ఒకచోట తగిలినా గిన్నెంతా ఒకేలా వేడెక్కుతుంది, డికాక్షను అడుగున మాడదు. రాగి గిన్నెలన్నీ తూకానికే ఇస్తారు. మీరు కొంటే కాటాలో వేసేముందు మూత, పిడి వేరుగా తూయించండి. పిడి ఇనపది అయితే రాగి ధర కట్టనక్కర్లేదు.

"లోపల కళాయి ఏసి ఇస్తా, ఒక గంట కూసుంటరా?" అన్నాడు. కళాయి వేయడం నా చిన్నతనంలో మా వీధి చివర చూశాను. ఆ కేక ఇప్పుడు మా ఊళ్లో వినపడదు. ఇక్కడ మళ్లీ చూసే అదృష్టం కలిగింది, అదీ చేయి చాపితే అందేంత దగ్గరలో.

కుర్రాడొకడు నేలలో గుంట లాంటి కుంపటిలో బొగ్గులు రాజేసి, చేత్తో తిప్పే గాలి యంత్రంతో ఎర్రగా చేశాడు. గిన్నెని బోర్లించి, మళ్లీ వెల్లకిలా తిప్పి, పట్టకారుతో పట్టుకుని నిప్పు మీద తిప్పాడు. రాగి రంగు మారి ఊదా ఛాయ వచ్చింది. నవసాగరం పొడి చిటికెడు చల్లాడు. తెల్లటి పొగ గుప్పుమని లేచి కళ్లు మండాయి, దాంతో గిన్నె లోపలి మసి అంతా విడిచిపోయి గులాబీ రంగు లోహం బయటపడింది. వెంటనే తగరం కడ్డీని అడుగుకి ఆనించాడు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. కడ్డీ కొస ఒక వెండి చుక్కగా జారగానే, దూది ఉండతో ఆ చుక్కని గిన్నె చుట్టూ తోమాడు. రెండు మూడు తిప్పుల్లో లోపలంతా అద్దంలా అయిపోయింది. ఆ తర్వాత నీళ్ల తొట్టిలో ముంచితే సుయ్యిమంది. గంట అన్నాడు గానీ, మాకు తెప్పించిన టీ చల్లారకముందే పనంతా అయిపోయింది.

పెద్దాయన చెప్పిన జాగ్రత్త మీకూ చెబుతున్నాను. కళాయి గిన్నెని ఖాళీగా పొయ్యి మీద పెట్టకూడదు. నీళ్లున్నంతసేపూ గిన్నె నూరు డిగ్రీలు దాటదు. ఖాళీ అయితే క్షణాల్లో 232 దాటి తగరం కరిగి పూసలవుతుంది. పీచుతో గట్టిగా తోమకూడదు. లోపల ఎర్రటి మచ్చలు కనిపిస్తే, అంటే రాగి బయటపడితే, మళ్లీ కళాయి వేయించేదాకా చింతపండు, నిమ్మకాయ లాంటి పులుపు అందులో వండకూడదు.

సరే, డికాక్షనుకి గిన్నె దొరికింది. పాలూ, మూడు గంటల వేడీ మిగిలాయి. అక్కడే కొట్టు మెట్ల మీద కూర్చుని టెక్సస్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాను. వాడికి టీ సంగతి తెలియదు గానీ బాయిలర్ల సంగతి బాగా తెలుసు, ఇంట్లో బీరు కాస్తాడు. అమెరికాలో 1978లో చట్టం మార్చి, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇల్లు ఏడాదికి 200 గ్యాలన్ల దాకా సొంతానికి బీరు చేసుకోవచ్చన్నారు. ఇక్కడ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాస్తే ఎక్సైజ్ వాళ్లు ఊరుకోరు, అందుకని వాడి ఆసక్తి అక్కడే వికసించింది. బార్లీ మొలకల పిండిని వేణ్నీళ్లలో గంటసేపు నానబెట్టాలట, అదీ 65 నుంచి 68 డిగ్రీల మధ్య. వేడి తక్కువ వైపు ఉంటే బీరు పలచగా, తీపి లేకుండా వస్తుంది, ఎక్కువ వైపు ఉంటే చిక్కగా, కొంచెం తియ్యగా. రెండు మూడు డిగ్రీలకే రుచి మారిపోతుంది. ఆ తర్వాతే గంటసేపు మరిగించడం.

"అక్కా, వాట్లు చూసి కొనకు" అన్నాడు. "నేనూ ముందు వాట్లే చూశాను. మా గోడ ప్లగ్గులో 120 వోల్టులే, 15 ఆంపియర్లు. ఎంత లాగినా 1,800 వాట్లు దాటదు. ఇరవై లీటర్ల చన్నీళ్లు మరగాలంటే 1,500 వాట్లతో గంటకి పైనే పడుతుంది. అందుకని ఎలక్ట్రీషియన్ని పిలిచి 240 వోల్టుల లైను వేయించుకున్నా. మీకు ఆ బాధ లేదు. గీజరు ప్లగ్గుకి 230 వోల్టులు, 16 ఆంపియర్లు. 3,600 వాట్లు ఊరికే వచ్చేస్తాయి. కానీ నీకు అంత అక్కర్లేదే! నీ ఐదు లీటర్లకి 1,500 వాట్లయితే పదహారు పదిహేడు నిమిషాల్లో 95 డిగ్రీలకి వస్తుంది. అసలు పని అక్కణ్నుంచి మొదలవుతుంది. వేడి ఆగాల్సిన చోట ఆగుతుందా లేదా చూడు."

ఇంకో మాట కూడా చెప్పాడు. హీటర్ రాడ్డు సరాసరి పాలల్లో మునిగి ఉండే బాయిలర్ అసలు వద్దన్నాడు. వాడి బార్లీ రసంలో చక్కెర ఉంటుంది, పొట్టి రాడ్డు మీద ఎక్కువ వాట్లు పెడితే ఆ చక్కెర రాడ్డుకి అంటుకుని మాడుతుంది. అందుకే వాడు పొడుగ్గా, మడతలు మడతలుగా ఉండే రాడ్డు వాడతాడు. పాలు ఇంకా కష్టం. చక్కెరే కాకుండా మాంసకృత్తులు కూడా రాడ్డుకి పట్టుకుంటాయి. పట్టిన పొర మందమైన కొద్దీ అడుగున మాడు వాసన. నిహారీ హోటలాయన సన్నసెగ, కేఫు ఆయన "రఖ్‌నా", మా తమ్ముడి 68 డిగ్రీలు, మూడూ నాకు ఒకే మాటగా వినిపించాయి.

నయాపూల్ మీదుగా మూసీ దాటి బేగంబజార్‌కి వెళ్లాం. స్టీలు సామాను మొత్తం అక్కడే. సందులో ఎదురుగా చేతిబండి వస్తే గోడకి అంటుకుని నించోవాలి. బాయిలర్లు వరసగా పేర్చిన ఒక కొట్లో యజమాని ఓపికగా మూడింటిని విప్పి చూపించాడు. మొదటిది ఒంటి గోడది, రాడ్డు లోపలే మునిగి ఉంటుంది. నీళ్లకీ, నల్లటి కాఫీకీ బాగుంటుంది, పాలకి పనికిరాదు. రెండోది రెండు గోడలది. బయటి గోడకీ లోపలి గోడకీ మధ్య నీళ్లు పోస్తారు, రాడ్డు ఆ నీళ్లలో ఉంటుంది. పాలకి నీళ్ల వేడే తగులుతుంది, మన ఇళ్లల్లో నీళ్ల గిన్నెలో పాలగిన్నె పెట్టి కాచే పద్ధతే. పక్కన గాజు గొట్టంలో నీటిమట్టం కనిపిస్తుంది. మూడోది కూడా అలాంటిదే గానీ పది లీటర్లది, 3,000 వాట్లు.

స్టీలు సంగతి కూడా అడగండి. పాలకి 304 రకం మంచిది, అందులో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. 202 రకంలో నికెల్ తక్కువ, ధరా తక్కువే. కొందరు అయస్కాంతం పెట్టి చూడమంటారు, కానీ ఈ రెండు రకాలకీ అయస్కాంతం అంటుకోదు కాబట్టి ఆ పరీక్షతో తేడా తెలియదు. బిల్లు మీద గ్రేడు రాయించుకోవడమే మార్గం. ప్లగ్గుకి మూడో పిన్ను ఉందా, నీళ్లు అయిపోతే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉందా, ఐఎస్ఐ గుర్తు ఉందా అన్నవి తప్పకుండా చూడాల్సినవి. నీళ్లూ కరెంటూ ఒకే డబ్బాలో ఉన్నప్పుడు బేరంలో వీటిని వదులుకోకండి.

ఇక వేడి నిలిచే పరీక్ష. ఆ పెద్దమనిషి అభ్యంతరం చెప్పకుండా రెండో బాయిలర్‌లో నీళ్లు పోయించి ప్లగ్గు పెట్టించాడు. నాబ్ 85 దగ్గర పెట్టి, నేను తెచ్చుకున్న వంటింటి థర్మామీటరు లోపల వేలాడదీశాను. ఎర్ర లైటు వెలిగింది. మేం ముగ్గురం దాని ముందే కూర్చున్నాం. లైటు ఆరేసరికి 84. ఆరిన తర్వాత కూడా వేడి పెరిగి 88 దాకా వెళ్లింది, నెమ్మదిగా దిగి 81కి వచ్చాక లైటు మళ్లీ వెలిగింది. నీళ్ల పొర ఉండబట్టే ఆ ఊగిసలాట అంత నెమ్మదిగా ఉంది. పక్కనే ఉన్న ఒంటి గోడ దాన్నీ అలాగే పెట్టిస్తే, 85 దగ్గర పెట్టినా 94కి ఎగిరి, 76కి పడింది. బయటికి చూస్తే ఆ రెండింటి నాబ్‌లూ ఒకలాగే ఉన్నాయి. ఏ నాబ్ మాట నిలుపుకుంటుందో థర్మామీటరే చెప్పింది. మీరు కొనడానికి వెళ్తే ఒక థర్మామీటరు సంచిలో వేసుకోండి. అడిగితే కాదనే కొట్టువాళ్లు ఉంటారు. వాళ్ల దగ్గర కొనకండి, అంతే.

రెండు గోడలదే తీసుకున్నాను. ఐదు లీటర్లు, 1,500 వాట్లు. ఆరు ఆంపియర్ల మామూలు ప్లగ్గుకి ఇది ఎక్కువే, 230 వోల్టుల దగ్గర అది 1,380 వాట్లకి మించి మోయలేదు. కాబట్టి పదహారు ఆంపియర్ల ప్లగ్గు పక్కనే పెట్టాలి. మా మేడ మీద అలాంటి ప్లగ్గు లేదు, ఇంటికి రాగానే ముందు చేయించిన పని అదే.

ఇప్పుడు మా ఆదివారాలు ఇలా నడుస్తున్నాయి. రాగి గిన్నెలో నీళ్లు, పొడి, కొంచెం పంచదార వేసి, గోధుమపిండి ముద్దతో మూత అంచు మూసి, గ్యాస్ పొయ్యి మీద అతిసన్నటి సెగన ముప్పావుగంట ఉంచుతాను. బాయిలర్‌లో పాలు పోసి ముందు 95కి తెచ్చి కాసేపు ఉంచి, నాబ్‌ని 80కి దించుతాను. పిండి ముద్ద పగలగొట్టినప్పుడు వచ్చే వాసనకి మెట్ల కింద ఉన్నవాళ్లు కూడా పైకొస్తారు. మూడో గంటలో వచ్చినవాళ్లకి పోసిన కప్పు మొదటి కప్పు రుచికి చాలా దగ్గరగా ఉంటోంది. పాల మీద మీగడ కడుతుంది, అప్పుడప్పుడు కలుపుతూ ఉండాలి. అల్లం లేని టీ ఏం టీ అని మొదట్లో సణిగిన మా మామయ్యగారు ఇప్పుడు ఉస్మానియా బిస్కట్లు అయిపోయాయా అని అడుగుతున్నారు.

మీరూ వెళ్లాలనుకుంటే శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదు దగ్గర నమాజు రద్దీ ఉంటుందని, సాలార్‌జంగ్ మ్యూజియానికి అదే రోజు సెలవని గుర్తుంచుకోండి. రంజాన్ నెలలో సాయంత్రం తర్వాత ఆ వీధుల్లో బాయిలర్ మోసుకుని నడవలేరు. హలీమ్ తినడానికి మాత్రం అప్పుడే వెళ్లాలి. నాకు ఇప్పుడు ఒక్కటే బెంగ. రాగి గిన్నె అడుగున గోరంత ఎర్రమచ్చ కనిపించింది. రాజమండ్రిలో కళాయి వేసేవాళ్ల కోసం కోటగుమ్మం నుంచి దేవీచౌక్ దాకా అడుగుతున్నాను. మీకెవరైనా తెలిస్తే చెప్పండి. లేకపోతే గిన్నె పట్టుకుని మళ్లీ కసరట్టాకే బయల్దేరతాను.